పై సగం అల్లుడు

మిసర్ (ఈజిప్టు) దేశం నుంచి
(ఊరి పేరు రాస్తే మా దొర దాని మీద నల్ల సిరా పూస్తాడు కనుక రాయలేదు)
1943, మార్చి నెల

మామ జానయ్యకు, అల్లుడు ఎల్లస్వామి సముద్రం ఇవతలి నుంచి వంగి పెట్టే శనార్తులు.

నేను ఇక్కడ క్షేమం. నువ్వు, అత్త భద్రమ్మ, సోమమ్మ, మన ఈదులగూడెం తాటిచెట్లు అన్నీ క్షేమమని తలుస్తాను.

ఒక సంతోష వార్త. పటాలంలో నా పని మారింది. మొన్నటి దాకా లారీల్లోకి బస్తాలు మోసేవాణ్ణి. ఇక్కడ ఫోటోలు దింపే హవల్దారు ఒకడున్నాడు. నిండు బస్తా భుజాన పెట్టుకుని కూడా నా చేతులు వణకకపోవడం చూసి, "ఏం పని చేసేటోడివి?" అని అడిగాడు. చెట్లెక్కి కల్లు గీసేవాళ్లమని చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను తన దగ్గర పెట్టుకున్నాడు. సిపాయిలందరికీ పాసుల మీద అంటించే ఫోటోలు దింపడం మా పని.

మామా, ఈ విద్య చూస్తే నీకు మతిపోతుంది. నల్లగుడ్డ కప్పుకుని కెమెరాలోకి చూస్తే లోకమంతా తలకిందులుగా వేలాడుతుంది. ఆ తరువాత చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టి, మందు నీళ్ల పళ్లెంలో తెల్ల కాగితం వేసి ఊపితే, కల్లు లొట్టిలో నురుగు తేలినట్టు మనిషి మొహం పైకి తేలుతుంది. మొదటిసారి చూసి నేను పళ్లానికి దండం పెట్టాను. హవల్దారు నవ్వి, "ముందు కడుగు, తరువాత మొక్కు" అన్నాడు.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. అమ్మ పోయిన తరువాత నన్ను పెంచింది నువ్వు. సోమమ్మను నాకిస్తానని ఊరి ముందర అన్నది కూడా నువ్వే. చెట్టెక్కేవాడికే పిల్లనిస్తానని దాని వెంటనే ఇంకో మాట కూడా అన్నావు. ఆ రెండో మాట కొంచెం సడలిస్తే, తిరిగొచ్చాక రామన్నపేటలో చిన్న ఫోటోల దుకాణం పెట్టుకుని పిల్లను బాగా చూసుకుంటాను. ఆలోచించు.

ఇట్లు,
నీ అల్లుడు ఎల్లస్వామి

తా.క.: ఈ ఉత్తరంలో నా ఫోటో పెట్టాను. దింపింది హవల్దారు, కడిగి ఆరబెట్టింది నేను. సోమమ్మకు చూపించు. ఊరికే చూపించు, ఏమీ చెప్పనక్కరలేదు.

*

ఈదులగూడెం
ఉగాది వెళ్లిన వారం

చిరంజీవి ఎల్లస్వామికి, అంటే ఇప్పుడు ఎంతవరకు మిగిలి ఉన్నావో అంతవరకు, మామ జానయ్య దీవెనలు.

నీ ఫోటో అందింది. మొహం నీదే. చెవులు నీవే. మీసం ఎవరిదోనని కాసేపు వాదులాడుకుని, అది కూడా నీదేనని ఒప్పుకున్నాం. బాగుందిలే అని నేను పెట్టెలో పెట్టబోతుంటే సోమమ్మ మెల్లగా అడిగింది. "నాయినా, బావకు కాళ్లేవి?"

అప్పుడు చూశాను. అంగీ మూడో బొత్తం దగ్గర మనిషి అయిపోయాడు.

వెంటనే కృష్ణయ్యను, ఇంకో నలుగురు పెద్దమనుషులను పిలిపించాను. కృష్ణయ్య ఫోటో చూసి తల పట్టుకున్నాడు. "బస్తాలు మోసే పోరణ్ణి దీస్కపోయి చీకటి అర్రల ఎందుకు కూసోబెట్టిండ్రు? కాళ్లుంటే కూసోబెడ్తరా?" అన్నాడు. నువ్వు రాసిన ప్రతి ముక్కా దానికి సరిపోతోంది. చేతులు వణకవని మెచ్చుకున్నారట. కాళ్ల గురించి ఒక్కరు కూడా మెచ్చుకోలేదేం?

ఫోటోల దుకాణం మాట మళ్లీ ఎత్తకు. చెరువు వెనక తాటిచెట్లు మన ఇంటి పేరు మీద ఉన్నంత కాలమే ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఎక్కే మగవాడు లేడని తెలిస్తే కల్లు గుత్తేదారు వాటిని తిరుమలగిరి సైదులుకు ఇచ్చేస్తాడు. వాడు చెట్లతో పాటు పిల్లను కూడా అడుగుతున్నాడు. చెట్టెక్కనివాడికి పిల్లనిచ్చే ఇల్లు కాదు ఇది.

నిజం రాయి. పోయింది ఒకటా, రెండూనా?

ఇట్లు,
నీ కాళ్ల కోసం తాటిచెట్ల దేవుడు కాటమయ్యకు మొక్కుకున్న మామ

తా.క.: ఫోటోను తలకిందులు చేసి దులిపాం. ఏమీ రాలలేదు. వెనక దాచావేమోనని అట్ట చించి చూశాం. అత్త దాన్ని మళ్లీ అన్నం మెతుకులతో అతికించింది. ఒక మెతుకు నీ నుదుటి మీద ఉండిపోయింది, ఏమీ అనుకోకు.

*

మిసర్ దేశం
1943, జూన్ నెల

మామకు, రెండు కాళ్ల మీద నిలబడి ఈ ఉత్తరం రాస్తున్న ఎల్లస్వామి శనార్తులు.

మామా, నా కాళ్లు రెండూ ఉన్నాయి. పొద్దున లేవగానే చూసుకున్నాను. పాసు ఫోటో అంటే ఛాతీ దాకానే దింపుతారు. ఇక్కడ అందరికీ అంతే. మా పెద్ద దొరకు కూడా పై సగమే.

నీ ఉత్తరం వల్ల ఇక్కడ పెద్ద గొడవైంది. వచ్చిపోయే ఉత్తరాలన్నీ మా దొర చదివించుకుంటాడు. ఒక్క ఉత్తరంలో కాళ్ల మాట అన్నిసార్లు వచ్చేసరికి శత్రువుకు చేరవేసే రహస్యమేమోనని అనుమానపడ్డాడు. నన్ను డాక్టరు ముందు నిలబెట్టి ఎగరమన్నారు. ఎగిరాను. ఒంటికాలి మీద గెంతమన్నారు. గెంతాను. చివరికి డాక్టరు, ఈ సిపాయికి రెండు కాళ్లు ఉన్నవని ఇంగ్లీషులో చిట్టీ రాసి ముద్ర వేసి ఇచ్చాడు. అది జతచేశాను.

దానికి తోడు ఇంకో ఫోటో పంపుతున్నాను. హవల్దారు చిన్న కెమెరాను మెడకు వేలాడదీసుకుని, కిందికి వంచి, నా కాళ్లను నేనే దింపాను. మొదటి ఫోటో కింద దీన్ని పెట్టుకుంటే మనిషి పూర్తవుతాడు. సోమమ్మను బెంగపడవద్దని చెప్పు.

ఇట్లు,
తల నుంచి మడమల దాకా నీవాడైన ఎల్లస్వామి

తా.క.: సైదులుకు చెట్ల మీద ఆశ ఉంటే ఉండనీ. ఆ రెండో దాని మీద ఆశ వదులుకోమను.

*

ఈదులగూడెం
బోనాలు అయిన మరునాడు

అల్లుడు ఎల్లస్వామికి, అతని కాళ్లకు విడిగా, మామ జానయ్య దీవెనలు.

రెండు ఫోటోలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాం. కలవడం లేదు. పైనున్న నువ్వు బెత్తెడు ఉన్నావు, కిందున్న కాళ్లు జానెడు ఉన్నాయి. ఆ కాళ్లకు తగ్గ మనిషి మన ఇంటి వాసాలకు తగులుతాడు. పైగా బూట్లు ఒకటి. బూట్లలో ఏముందో ఎవరు చెప్పగలరు? కట్టె ఉండొచ్చు, గడ్డి ఉండొచ్చు అన్నాడు కృష్ణయ్య.

పంచాయితీ మా ఇంట్లోనే పెట్టించాను. మంచం మీద కూర్చునే అంతా విన్నాను. ఊరు రెండుగా చీలిపోయింది. ఇవి వేరే ఎవరివో కాళ్లని ఒక వర్గం. కాళ్లు నీవే, కానీ ఇప్పుడు నీ దగ్గర లేవు, తీసి ఎక్కడో దాచి ఫోటో దింపారని రెండో వర్గం. కృష్ణయ్య ఉదయం ఒక వర్గంలో ఉంటాడు, కల్లు తాగాక రెండో దాంట్లోకి పోతాడు. పెద్ద దొరకు కూడా పై సగమే అని నువ్వు రాసింది చదివినప్పుడు మాత్రం అందరూ ఒక్కటై బాధపడ్డారు. "గిట్లయితే ఇగ లడాయి ఎట్ల గెలుస్తరు?" అని పక్కింటి బిక్షమ్మ కళ్లు తుడుచుకుంది.

డాక్టరు చిట్టీ చూశాక ఉన్న కొద్ది నమ్మకం కూడా పోయింది. ఈ ఊళ్లో ఇంతమందికి రెండేసి కాళ్లున్నాయి. ఒక్కరి దగ్గరైనా చిట్టీ ఉందా? ఉన్నదానికి చిట్టీ ఎందుకు రాస్తారు?

సోమమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ఎక్కొస్తదా రాదా, గది జూపియ్యుమను నాయినా. కాళ్లున్నా ఎక్కరాకుంటే ఏం ఫాయిదా?" అంది. పిల్ల ఎంత ముందుచూపుతో మాట్లాడుతుందో చూడు. కనుక బూట్లు విప్పి, చెట్టెక్కి, ఫోటో పంపు. సైదులు మొన్న మళ్లీ వచ్చిపోయాడు. గుత్తేదారు దసరా దాకా ఆగుతానన్నాడు.

ఇట్లు,
ఎటూ తేల్చుకోలేని మామ

తా.క.: ఫోటోలను గోడకు అతికించాం. రెంటి మధ్య కొంత ఖాళీ గోడ వచ్చింది. అక్కడ నీకు నడుము లేకపోతే ఎట్లా అని అత్త సున్నంతో పంచె గీసింది. పోయిన ఆదివారం నుంచి దానికి పసుపు కూడా పెడుతోంది.

*

మిసర్ దేశం
1943, సెప్టెంబరు నెల

మామకు, గీరుకుపోయిన ఛాతీతో ఎల్లస్వామి శనార్తులు.

ఎక్కాను.

ఇక్కడ తాటిచెట్లు లేవు. ఖర్జూరం చెట్లున్నాయి, మన ఈతచెట్లకు పెద్దన్నల్లా ఉంటాయి. లారీని లాగే తాడును నడుము చుట్టూ మోకుగా కట్టుకున్నాను. తుపాకీ పట్టీని రెండు పాదాలకు కలిపి గుజిగా వేసుకున్నాను. కత్తి వంటవాడిది. కాటమయ్యకు దండం పెట్టుకున్నాను కానీ, ఇంత దూరంలో ఆయనకు వినబడిందో లేదో తెలియదు.

సగం దాకా ఎక్కేసరికి తోట యజమాని అయిన అరబ్బు ముసలాయన కేకలు వేస్తూ వచ్చాడు. ఇంకొంచెం ఎక్కేసరికి ఇంటికి పరుగెత్తి చుట్టాలందరినీ పిలుచుకొచ్చాడు. నేను కొసకు చేరేసరికి వాళ్లంతా చాపలు పరుచుకుని కూర్చున్నారు. నా మలయాళీ స్నేహితుడు కింద నుంచి ఫోటో దింపాడు. తల, కాళ్లు, చెట్టు మూడూ పడాలని వాడి చేత ప్రమాణం చేయించాను. కడిగి కాగితం మీద వేసింది నేనే, తొందరలో.

దిగేసరికి దొర నిలబడి ఉన్నాడు. చెట్టెందుకెక్కావంటే పిల్లనిస్తారని చెప్పాను. నమ్మలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం మరుగుదొడ్ల గుంటలు తవ్వుతున్నాను. కాళ్లు లేనివాడు గుంటలు తవ్వలేడని పంచాయితీలో గుర్తుచెయ్యి.

ఇట్లు,
ఎక్కి దిగిన అల్లుడు

తా.క.: పైన ఉన్నప్పుడు చేతులు కొంచెం వణికాయి. అలవాటు తప్పింది కదా. ఈ ముక్క పంచాయితీలో చదవకు.

*

ఈదులగూడెం
దీపావళి వెళ్లాక

ఊరూ పేరూ తెలియని పెద్దమనిషి గారికి, ఈదులగూడెం జానయ్య తన చేత్తో రాయునది.

మీరెవరో మాకు తెలియదు. మా పిల్లవాడి పేరు పెట్టుకుని మాకు ఉత్తరాలు రాస్తున్నారు. మొహం కూడా అతనిదే పెట్టుకున్నారు. ఇది మీకు మర్యాద కాదు.

చెట్టు మీది ఫోటో అందింది. మొదట అందరం సంబరపడ్డాం. కాళ్లున్నాయి, వేళ్లున్నాయి, మోకు ఉంది. భద్రమ్మ గోడ మీది పంచెను తుడిచేసింది. అంతలో మా సోమమ్మ ఫోటో తీసుకుని పగలబడి నవ్వింది. ఏమిటే అంటే, "కత్తి ఏ చేతిల ఉన్నదో సూడు నాయినా" అంది.

ఎడమ చేతిలో ఉంది. మోకు ముడి కూడా అటుది ఇటు పడింది. మా ఎల్లస్వామికి గీత నేర్పినవాణ్ణి నేను. కుడి చేత్తో నేర్పాను. ఎడమ చేత్తో తాడి గీసిన మగవాడు మా వంశంలో ఒక్కడు కూడా పుట్టలేదు. ఫోటో చూడగానే నాకు చెమటలు పట్టాయి. పంచాయితీ లేచి ఎవరింటికి వాళ్లు పోయారు, కృష్ణయ్య కూడా.

అయ్యా, మా పిల్లవాణ్ణి ఏం చేశారు? ఆ పై సగం ఎక్కడుంది? కనీసం దాన్ని ఎండలో పెట్టకండి. చిన్నప్పటి నుంచి అతనికి ఎండ పడదు. తల్లి లేని పిల్లవాడు. నేను పైకి గట్టిగా మాట్లాడతాను కానీ, వాడు లేని ఇంట్లో నాకు ముద్ద దిగడం లేదు.

ఇట్లు,
మీకు ఏమీ కాని జానయ్య

తా.క.: మీరెవరైనా సరే, ఎక్కడం మాత్రం బాగానే ఎక్కారు. మీ ఇంటిపేరేమిటి? పెళ్లయిందా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో తా.క.: ఫోటో తిప్పి పంపుదామంటే సోమమ్మ ఇవ్వడం లేదు. దిండు కింద పెట్టుకుంది. ఇది మీకు చెప్పాల్సిన సంగతి కాదు. రాసేశాను, కొట్టివేస్తే కాగితం చినిగేట్టుంది.

*

మిసర్ దేశం
1944, జనవరి నెల

మామా! మామా! మామా!

నేనే. ఎల్లస్వామినే. సోమమ్మ దిండు కింద ఉన్నది నేనే. మూడు రోజులుగా ఆ ఎడమచేతి వాడి మీద అసూయతో నాకు అన్నం సయించడం లేదు. వాడు నేనేనని తెలిసినా మనసు ఊరుకోవడం లేదు.

తప్పు నాదే. ఫోటో కాగితం మీద వేసేముందు కెమెరాలో నుంచి తీసిన ఫిలిం ఉంటుంది. దాన్ని తిరగేసి పెట్టాను. అందుకని కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. ఆ ఫోటోను అద్దం ముందు పెట్టి అద్దంలో చూడు. కత్తి కుడి చేతిలోకి వస్తుంది.

ఇంకా నమ్మకపోతే ఇది విను. కల్లు ఎక్కువైన రోజున మాత్రమే నువ్వు అత్తను "భద్రమ్మ గారూ" అని పిలుస్తావు. మరునాడు ఆమె నీతో మాట్లాడదు. ఇది ఏ పరాయివాడికి తెలుసు?

ఫోటో అంటే ఏమిటో నీకు ఇట్లా చెబితే అర్థం కాదు. చిట్యాల సంతకు పరదాలు కట్టి ఫోటోలు దింపేవాళ్లు వస్తారట. మీరు ముగ్గురూ పోయి ఒకటి దింపించుకుని పంపండి. తల నుంచి కాళ్ల దాకా నిలబడండి. మిమ్మల్ని చూసి చాలా కాలమైంది. ఒక్కోసారి రాత్రి మీ మొహాలు గుర్తు తెచ్చుకుంటే చెవులు, ముక్కులు విడివిడిగా వస్తున్నాయి.

ఇట్లు,
అసలు ఎల్లస్వామి

తా.క.: నా ఇంటిపేరు నీకు తెలుసు. పెళ్లి కాలేదు. కారణం నువ్వే.

*

ఈదులగూడెం
శివరాత్రి మరునాడు

చిరంజీవి అల్లుడు ఎల్లస్వామికి, మొత్తం మనిషికి, మామ దీవెనలు.

మంగలి సాయిలు దగ్గర పెద్ద అద్దం తెప్పించి చూశాం. కత్తి కుడి చేతిలోకి వచ్చింది. నువ్వు నువ్వేనని తేలింది. ఆ రోజు మా వాకిట్లో తాగినంత కల్లు ఈ ఏడాది ఎవరూ తాగలేదు. భద్రమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సోమమ్మ మాత్రం అద్దంలోకి చూసి, "గిట్లయితే బాగలేదు" అని మొహం తిప్పుకుని పోయింది. ఆడపిల్లల మనసు అర్థం కాదు.

చిట్యాల సంతకు బండి కట్టుకుని పోయి ఫోటో దింపించుకున్నాం. వెనక రాజుల మేడ బొమ్మ వేసిన పరదా కట్టారు. మధ్యలో నేను, నాకు ఎడమ పక్క అత్త, కుడి పక్క సోమమ్మ. నన్ను నిలబడమని ఫోటో దింపేటతను చాలాసేపు బతిమాలాడు. పెద్దమనిషి అన్నాక కూర్చుంటేనే అందమని చెప్పి నేనే కూర్చున్నాను.

తొందరగా రా. సైదులుకు నువ్వు చెట్టెక్కిన సంగతి చెప్పాను. కుడి చేత్తోనని కూడా చెప్పాను. వాడు మెత్తబడ్డాడు. గుత్తేదారు ఇంకొన్ని నెలలు ఆగుతాడు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న మామ

తా.క.: నా ముందు బల్ల పెట్టమని నేను చెప్పలేదు. అది అక్కడే ఉంది.

ఇంకో తా.క.: కెమెరా మీదికొస్తోందని అత్త కొంగు కప్పుకుంది. ఆ కొంగు వెనక ఉన్నది అత్తే. నువ్వు మళ్లీ అనుమానాలు మొదలుపెట్టకు.

*

మిసర్ దేశం
1944, ఏప్రిల్ నెల

మామకు, ఎల్లస్వామి శనార్తులు.

మామా, నీ కాళ్లేవి?

ఇక్కడ పాసు ఫోటోల్లో కళ్లు సరిగా పడ్డాయా లేదా అని చూడటానికి ఒక భూతద్దం ఉంది. నీ ఫోటోను దాని కింద పెట్టి చూశాను. బల్ల మీది గుడ్డ నేల దాకా రాలేదు. కింద ఒక్క చెప్పు కనిపిస్తోంది. రెండోది లేదు. వెనక రాజుల మేడకు ఒక చంకకర్ర ఆనించి ఉంది. రాజుల మేడకు చంకకర్ర ఎందుకు?

పంచాయితీ మన ఇంట్లోనే ఎందుకు పెట్టించావో, మంచం మీద కూర్చునే అంతా ఎందుకు విన్నావో ఇప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు పడితే ఫోటో పాడవుతుందని పక్కకు తిరిగి ఏడ్చాను. ఏడాది పాటు నా కాళ్ల లెక్క అడిగావు. నీ కాలు గురించి ఒక్క ముక్క రాయలేకపోయావా?

సరే. వానలకు ముందే నన్ను ఇంటికి పంపుతున్నారు. వచ్చి నేనే ఎక్కుతాను. దుకాణం మాట మరిచిపో. నిజం చెప్పాలంటే ఆ రోజు ఖర్జూరం చెట్టు మీద చేతులు వణికింది అలవాటు తప్పి కాదు, భయంతో. చిన్నప్పటి నుంచి కూడా పైకెక్కాక నేను ఒక్కసారి కిందికి చూడలేదు. నీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. అయినా ఎక్కుతాను. చెట్లు పోనివ్వను, సోమమ్మను పోనివ్వను.

ఇట్లు,
కళ్లు మూసుకుని ఎక్కబోయే నీ అల్లుడు

తా.క.: సోమమ్మ నిలబడే ఉంది, పాదాలు బాగా పడ్డాయి. వాటి మీద అడ్డంగా నల్లటి కాయలున్నాయి. ఫోటో మచ్చలనుకుని తుడిచాను, పోలేదు. గుజి వేసుకునేవాళ్లకే అట్లాంటి కాయలుంటాయి. ఆడపిల్ల పాదాలకు గుజి కాయలేమిటి మామా?

*

ఈదులగూడెం
ఏరువాకకు ముందు

భూతద్దం అల్లుడికి, ఒంటికాలి మామ జానయ్య దీవెనలు.

దొరికిపోయాం. నేనూ, నా కూతురూ.

నువ్వు సముద్రం దాటిన ఏడాది వానాకాలంలో వంకర తాడి మీది నుంచి పడ్డాను. పట్నం పెద్ద దవాఖానలో మోకాలి దాకా తీసేశారు. నీకు రాస్తే పటాలం వదిలి పారిపోయి వస్తావని, పారిపోయినవాళ్లను కాలుస్తారని కృష్ణయ్య చెప్పాడు. అందుకని రాయలేదు.

నన్ను బండిలో ఇంటికి తెచ్చిన మరునాడే సోమమ్మ నా మోకు భుజాన వేసుకుని చెరువు వెనకకు పోయింది. "ఆడపిల్ల మోకు ముడితే కాటమయ్య ఊకుంటడా?" అని మంచం మీది నుంచి అరిచాను. "కోపమొస్తే కల్లు ఆపుతడు గదా, సూద్దాం తియ్యి" అంది. కాటమయ్య ఆపలేదు. నేను ఎక్కినప్పటి కంటే లొట్టి నిండుగా దిగుతోంది. ఊరంతటికీ తెలుసు. తెలుసని ఒప్పుకుంటే కల్లు ఆగిపోతుందని ఊరంతా తెలియనట్టు తిరుగుతోంది. ఆమె చెట్టు మీద ఉన్నంతసేపు ఎవరూ తల పైకెత్తరు. గుత్తేదారు కూడా మా వాకిట్లోకి వచ్చి నేల చూస్తూ తాగి పోతాడు. బయటి ఊరివాడైన సైదులు తల ఎత్తుతాడేమోనని మా భయం. ఎడమచేతి ఫోటో చూసి నాకు చెమటలు ఎందుకు పట్టాయో ఇప్పుడు తెలుసుకో. సోమమ్మది ఎడమచేతి వాటం. మా గుట్టు మిసర్ దాకా పోయి, ఎవరో వెక్కిరిస్తున్నారనుకున్నాను.

నా గోల ఒకటే అల్లుడా. నా కాలు పోయిన చోటికే నా బిడ్డ రోజూ పోతోంది. మగవాడు ఒకడు వచ్చి ఎక్కితే ఆమె దిగుతుందని నీ కాళ్ల కోసం పట్టుబట్టాను.

నువ్వు వచ్చి ఎక్కుతానన్న ముక్క చదివి వినిపించాను. సోమమ్మ చేతిలో కుండ కింద పెట్టి, "గాయిన ఎక్కితే నేనేం జెయ్యాలె? పొయ్యి ముందల కూసోవాల్నా?" అని ఏడ్చింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. మొదటి ఫోటో వచ్చినప్పుడు బావకు కాళ్లేవని అడిగింది చూడు, అది బెంగతో కాదట. ఆశతోనట. కాళ్లు లేని మొగుడైతే చెట్లు తనకే ఉంటాయని. కట్టె కాళ్లేమోనని కృష్ణయ్య చెవిలో వేసింది ఆమే. చెట్టెక్కి చూపించమన్నది కూడా నీకు ఎక్కరాదని తేలాలనే. నీకు కాళ్లుండాలని నేను కాటమయ్యకు మొక్కుతుంటే, తను పక్కనే నిలబడి అవి ఉండకూడదని మొక్కిందట. ఆ దేవుడు ఎంత ఇబ్బంది పడ్డాడో!

తరువాత నీకు భయమని రాసిన ముక్క చదివాను. ఏడుపు ఆపి మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. "పాపం, గంత భయమున్నా ఎక్కిండా? నా కోసమా?" అంది. అటు తిరిగి, నీకు చెప్పమని ఒక మాట చెప్పింది. నీకు రెండు కాళ్లున్నా తనకు ఫరవాలేదట. ఎక్కనని మాటిస్తే చాలట.

కనుక రా. దుకాణం పెట్టుకో. పొద్దునా సాయంత్రం మాత్రం ఆ చెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉండు. ఊరంతా నేల చూస్తోంది. పైకి చూసేవాడు ఒక్కడుంటే నాకు నిద్ర పడుతుంది. కింద నిలబడి పైకి చూడటానికి నీకు భయం లేదు కదా?

ఇట్లు,
ఎక్కని వాడికి పిల్లనిస్తున్న మామ

తా.క.: ఎడమచేతి ఫోటో ఇంకా దిండు కిందే ఉంది, తనలాంటి వాటమని. అద్దం తెప్పించడం నా తప్పు. అది నువ్వు కాదన్నట్టే ఉండనీ, నువ్వొచ్చాక నాలుగు రోజుల్లో నీ కుడిచేతికి అలవాటు పడుతుంది.

ఇంకో తా.క.: వచ్చేటప్పుడు కెమెరా ఒకటి సంపాదించుకుని రా. పెళ్లినాడు సోమమ్మను చెట్టు మీద ఫోటో దింపాలట. తల నుంచి పాదాల దాకా పడాలట. ఫిలిం సరిగ్గా పెట్టు. తిరగేస్తే కత్తి కుడి చేతిలోకి వస్తుంది, ఇది మా పిల్ల కాదని కృష్ణయ్య మళ్లీ పంచాయితీ పెడతాడు.